బెల్లంతో తూగిన పిల్లలు

మీ ఊరి శిశువిహారం బాగుందని మీకెవరు చెప్పారు? గోడలు చెప్పాయా? గుమ్మానికి కట్టిన మామిడాకులు చెప్పాయా? లేక మీరు అడుగు పెట్టగానే లేచి నిలబడి, ఒక్క గొంతుతో "నమస్కారమండీ" అన్న పసివాళ్ళు చెప్పారా? ఎందుకడుగుతున్నానంటే, ఇలాంటి సాక్షుల మాట మీద తీర్పు చెప్పే సంఘంలో నేనూ కొన్నాళ్ళు సభ్యుణ్ణి.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన కొత్తల్లో మాట ఇది. నేను ప్రొద్దుటూరులో బడిపంతులుగా ఉండేవాణ్ణి. పగలు పిల్లలకు లెక్కలు చెప్పి, సాయంత్రం పెద్దలకు బుద్ధులు చెప్పేవాణ్ణి. వీధి మలుపులో ఒక బల్ల వేసి, దాని మీద నిలబడి, దిష్టి గురించీ, శకునాల గురించీ, మొక్కుబడుల గురించీ గొంతు చించుకునేవాణ్ణి. నా సభలకు తప్పకుండా వచ్చే శ్రోత మా ఊరి బెల్లం వ్యాపారి. మహా భక్తుడు. పూజ ముగియనిదే కొట్టు తలుపు తీసేవాడు కాదు. ముందు వరసలో కూర్చొని, ఆ రోజు నేను ఏ దేవుణ్ణి ఏమన్నానో శ్రద్ధగా విని, మరునాడు ఆ దేవుడి గుళ్ళో నా తరఫున కూడా ఒక టెంకాయ కొట్టించేవాడు. ఆ సంగతి తిరిగి నాతోనే చెప్పి నవ్వేవాడు.

ఆయనా, మరికొందరు పెద్దలూ కలిసి ఒక సంక్షేమ సంఘం పెట్టారు. కూలికి పోయే ఆడవాళ్ళ పిల్లల కోసం ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఊళ్ళలో ఒక్కొక్క శిశువిహారం నడిపేవారు. ఆ ఏడు వానలు లేవు, పంటలు లేవు, చందాలూ లేవు. మూడింటిలో ఒకటి మూసేయక తప్పదన్నారు. ఏది మూయాలో తేల్చడానికి తనిఖీ సంఘం వేశారు. అధ్యక్షుడు బెల్లం వ్యాపారే. నన్నూ అందులో వేశాడు.

"బల్లెక్కి అరిచేది సులువప్పా. వచ్చి కండ్లతో చూడు" అన్నాడు.

చూశాను.

పులివెందులలో శిశువిహారం చూస్తే కళ్ళు చెదిరాయి. గోడల నిండా దేశనాయకుల పటాలు, దేవుళ్ళ పటాలు, నెమళ్ళు, తామరపూలు. నేల అద్దంలా ఉంది. పిల్లలు ఉతికిన చొక్కాలు తొడుక్కొని, చేతులు కట్టుకొని, గీత గీసినట్టు కూర్చున్నారు. అక్కడి పంతులమ్మ కోస్తా నుంచి వచ్చిన మనిషి. మా సీమ మాటను పిల్లల నాలుక మీది నుంచి చెరిపేయడానికి ఎంతో కష్టపడింది. "ఏంది" అన్న బిడ్డ గోడ వైపు తిరిగి నిలబడాలి.

"పాలు పోస్తున్నారా?" అని అడిగాను.

"పోస్తామండీ. గ్లాసులో సగమే పోస్తాం. నిండా పోస్తే ఒలకబోసుకుంటారండీ, చొక్కాలన్నీ మరకలే! రాగి సంగటి అయితే మానేశామండీ. నేలకు అంటుకుంటే ఒక పట్టాన వదలదు" అంది పంతులమ్మ.

అధ్యక్షుడు మెచ్చుకోలుగా తల ఊపాడు. పక్కనున్న పెద్దలూ ఊపారు. శుభ్రత అన్న చోట మంచి మార్కులు పడ్డాయి.

ప్రొద్దుటూరులోది పత్తిమిల్లు పక్కన ఉండేది. మరీ మంచిదీ కాదు, మరీ చెడ్డదీ కాదు. సంఘం పెద్దల ఇళ్ళకు దగ్గర కాబట్టి దాన్ని మూసే ప్రశ్న ఎవరికీ తోచలేదు.

ఇక జమ్మలమడుగు. అక్కడ బండల గనుల్లో పనిచేసే ఆడవాళ్ళ పిల్లలు ఉండేవారు. ఒక పాత మిద్దె. గోడల మీద పటం కాదు గదా, సున్నం కూడా లేదు. మేము పోయేసరికి అది బడో, సంతో తెలియలేదు. ఒకడు ఏడుస్తున్నాడు, ఇద్దరు కొట్టుకుంటున్నారు, ఒక పిల్ల సంగటిముద్ద పట్టుకొని గది చుట్టూ పరుగెత్తుతోంది. ఆ పిల్లల్ని చూసుకునే ఆయమ్మ మమ్మల్ని చూసి లేవలేదు. ఒళ్ళో ఒకడికి తినిపిస్తోంది. అధ్యక్షుడి తెల్లపంచెకు ఎవరిదో చెయ్యి తగిలి సంగటి అంటింది.

"ఏమమ్మా, నేల కడిగేది లేదా?" అన్నాడాయన.

"కడుగుతా సామీ. వీండ్లు తినేది అయిపోనీ."

"ఎప్పుడైపోతాది?"

"ఆ మాట వీండ్లనే అడుగు సామీ, నాకూ తెలీదు!"

ఆయమ్మ నవ్వింది. మేమెవరమూ నవ్వలేదు. జమ్మలమడుగుకు ఆఖరి స్థానం అప్పుడే ఖాయమైపోయింది.

తిరిగి వచ్చే బస్సులో నేను అడ్డం తిరిగాను. మనం చూసింది నేలను, చొక్కాలను, గోడలను. శిశువిహారం అన్నప్పుడు చూడాల్సింది శిశువును కదా? బిడ్డ ఒంటికి పడుతోందో లేదో తక్కెడ చెప్తుంది. అన్ని చోట్లా పిల్లల్ని తూచుదాం, కొన్నాళ్ళాగి మళ్ళీ తూచుదాం, అప్పుడు మూసేది మూద్దాం అన్నాను. అధ్యక్షుడు గడ్డం గోక్కున్నాడు.

"కాటా నేనిస్తాలే. కానీ బిడ్డల్ని తూస్తే తల్లులు ఒప్పుకుంటారా?"

"ఎందుకొప్పుకోరు? వాళ్ళ మంచికే గదా!" అన్నాను. బల్లెక్కి మాట్లాడి మాట్లాడి, మంచి అన్నది వినిపిస్తే చాలు జనం ఒప్పుకుంటారని నాకు గట్టి నమ్మకం ఏర్పడిపోయింది. నమ్మకాలను ఖండించేవాడికి ఉండకూడని నమ్మకం అది.

మరుసటి వారం జమ్మలమడుగులో దూలానికి తక్కెడ వేలాడదీశాం. గని నుంచి తల్లులు రావడంతోనే దాన్ని చూసి, పిల్లల్ని చంకనేసుకొని వాకిట్లోకి పోయారు. అందరికంటే ముందు పోయింది ఒక చిన్నవయసు మనిషి. జుట్టంతా రాతిపొడి. సంగటిముద్దతో పరుగెత్తిన పిల్ల తల్లి ఆమే.

"ఏంది సామీ, బిడ్డను శెనక్కాయల మాదిరి కాటా ఏస్తావా?"

"బిడ్డ మంచికేనమ్మా."

"మా పెద్దబిడ్డను కూడా మంచికే అని ఆసుపత్రిలో తూసినారు. వారం తిరగలా, పాయె. దీన్ని నేను తూయనీను."

"జబ్బు చేసింది కాబట్టి ఆసుపత్రికి తీసుకుపోయావు. తీసుకుపోయావు కాబట్టి తూచారు. తూచినందుకు పోలేదమ్మా ఆ బిడ్డ."

"నువ్వు జూసినావా?"

"చూడలేదు."

"నేను జూసినా."

ఎన్నో సభల్లో ఎందరో పండితుల నోళ్ళు మూయించానని పేరున్న నేను తర్కం పక్కన పెట్టాను. ఉన్నమాట చెప్పాను. తూచకపోతే ఈ శిశువిహారం ఉండదు, మురికిగా ఉందని మూసేస్తారు, పిల్ల బాగా తిని పెరుగుతోందని చూపిస్తే తప్ప ఆగదు అన్నాను. ఆమె ముఖం మారిపోయింది.

"మూసేస్తే దీన్ని యాడ పెట్టుకునేది? మళ్ళా గనికాడనే గదా. బండ కొడితే చెక్కులు లేచి ముఖాన పడే కాడ. పెద్దదాన్ని ఆడనే పెట్టుకుంటే జబ్బు చేసి ఆసుపత్రిపాలాయె" అంది. ఆ మాటతో ఆమె మెత్తబడుతుందనుకున్నాను. పిల్లను ఇంకా గట్టిగా అదుముకుంది. తూస్తే పోతుందన్న భయం ఒక వైపు, తూచకపోతే గనిపాలవుతుందన్న భయం ఒక వైపు. రెండింటి మధ్యా నిలబడి ఆ తల్లి నన్ను చూసినట్టు ఏ సభలోనూ ఎవరూ చూడలేదు.

దారి ఆమే చూపించింది: "మొక్కు అనుకొని బెల్లంతో తూస్తావా? మా ఇంట్ల అందరినీ దేవునికి బెల్లంతో తూసినారు. దేవుని తూకం బిడ్డకు తగల్దు. ఆ ఇనపరాళ్ళు మాత్రం ఈడ పెట్టొద్దు."

మిగతా తల్లులు కూడా, అట్లయితే సరే అన్నారు. అధ్యక్షుడికి ఆనందం పట్టలేదు. నా భుజం మీద చెయ్యేశాడు.

"ఏమప్పా నాస్తికుడా! తులాభారం దేవునికిచ్చే లంచమని మొన్న బల్లెక్కి అంటివే!"

"అన్నాను. ఇప్పటికీ అంటాను."

"మరి తూస్తావా?"

"మీరు బెల్లమిస్తే తూస్తాను. కానీ ఆ బెల్లం పిల్లలే తినాలి."

"దేవుని బెల్లం దేవునికి జేరాలప్పా!"

ఇక్కడ ఆయమ్మ కలగజేసుకుంది. "దేవునికి జూపించి పిల్లోల్లకు పెడతా సామీ. గుళ్ళో అయినా అంతే గదా జరిగేది" అంది. చూపించడానికి ఆ మిద్దెలో దేవుడి పటం లేదు. అధ్యక్షుడు తన కొట్టు క్యాలెండరు తెప్పించి మేకుకు తగిలించాడు. వేంకటేశ్వరస్వామి పాదాల కింద బెల్లం ధరలు విచారించవలసిన చిరునామా ఉంది. అంతలో ఒక ముస్లిం తల్లి వెనక నుంచి కేకేసింది.

"మా పిల్లోనికి బెల్లం వద్దు సారూ, చక్కెర గావల. మా దర్గాలో చక్కెరతోనే తూస్తారు."

"నేను అమ్మేది బెల్లంరా నాయనా!" అని తల కొట్టుకుంటూనే అధ్యక్షుడు చక్కెర కోసం మనిషిని పంపాడు.

అలా తూచాం. ఒక పళ్ళెంలో బిడ్డ, ఇంకో పళ్ళెంలో బెల్లం అచ్చులు. బిడ్డ పైకి లేవగానే తల్లులు చేతులు జోడించేవారు. ఆ తరువాత ఆ బెల్లాన్ని పక్క గదిలోకి తీసుకుపోయి ఇనపరాళ్ళతో తూచి రాసుకొనేవాణ్ణి. దాచి చేయడం ఇష్టం లేక, సంగతి ముందే తల్లులకు చెప్పాను. గని మనిషి చేయి విసిరింది.

"తూసుకో పో. బెల్లానికేం, సచ్చిపోతాదా?"

బిడ్డ బరువెంతో తెలిసింది, బిడ్డను మాత్రం తూచలేదు. ఈ తర్కాన్ని నేను కనిపెట్టి ఉంటే గర్వపడేవాణ్ణి.

పులివెందులలోనూ బెల్లంతోనే తూచాం. న్యాయం ఒకటే ఉండాలి కదా. అక్కడ పంతులమ్మ ముగ్గు పెట్టించింది, పాట పాడించింది. బెల్లం నేల మీద పడితే చీమలు పడతాయని, ఒక్క అచ్చు కూడా మిగల్చకుండా గుడికి పంపించింది.

చలికాలంలో తూచిన పిల్లల్ని, వానలు పడి విత్తనాలు వేసే రోజుల్లో మళ్ళీ తూచాం. జమ్మలమడుగులో ఈసారి గని మనిషి తనే ముందుకు వచ్చి పిల్లను పళ్ళెంలో కూర్చోబెట్టింది. అచ్చు తరువాత అచ్చు పెడుతున్నాను. పోయినసారి లేచిన బరువుకు ఈసారి పళ్ళెం కదలలేదు.

"ఇంగొకటి ఎయ్యి సామీ" అంది.

వేశాను. కదలలేదు.

"ఇంగొకటి ఎయ్యి! నీ బెల్లమేమన్నా పాయెనా? ఇంగా లేయలా!"

పిల్ల పళ్ళెంలో కూర్చొని, అవతలి పళ్ళెంలోని బెల్లానికేసి చేయి చాస్తోంది. తల్లి నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. మిగతా పిల్లలు కూడా దాదాపు అంతే. పులివెందులలో మాత్రం పాత అచ్చులే సరిపోయాయి. ఇద్దరు ముగ్గురి దగ్గర పెట్టినవి తీయాల్సి వచ్చింది. "మా పిల్లలు నాజూకండీ" అంది పంతులమ్మ.

సంఘం కూడింది. అంకెలు చదివాను. జమ్మలమడుగులో నేల మీద పడింది చూసి మార్కులు కోశాం, కడుపులో పడింది చూడలేదు; పులివెందులలో నేల బాగుండటానికి పిల్లల నోటి దగ్గరిది తగ్గించారు, మనం అది విని తలలూపాం అని మొహమాటం లేకుండా చెప్పాను. అందరూ విన్నారు. అధ్యక్షుడు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి కళ్ళలో నీళ్ళు.

"చూసినారా స్వామి మహిమ! ఏ పటమూ లేని చోట నా క్యాలెండరులో కూర్చొని ఎంత కరుణించినాడో! ఇట్లాంటి చోటు మూస్తే మనకు పుట్టగతులుండవు. దాని ఖర్చు నేను పెట్టుకుంటాను. ఇది నా మొక్కు" అన్నాడు.

"సంగటి" అన్నాను నేను.

"స్వామి" అన్నాడాయన.

"సంగటండీ, సంగటి! పైన మీ బెల్లం!"

"ఆ బెల్లం ఎవరిదప్పా? స్వామిది!"

పిల్లల ఆకలికి దొరకని డబ్బు దేవుడి దయకు దొరికింది. తీర్మానంలో మొదటి వాక్యం 'దైవానుగ్రహం వలన' అని మొదలైంది. కింద సభ్యులందరూ సంతకాలు చేయాలి. ఒక్కరు కాదన్నా విషయం మళ్ళీ మొదటికొస్తుంది. కలం నా చేతికిచ్చి అధ్యక్షుడు మీసాల చాటున నవ్వుతున్నాడు. ఆ వాక్యం కొట్టేయాలని నా చెయ్యి దురద పెట్టింది. కొట్టేస్తే తర్కం నిలబడుతుంది, ఆ పిల్ల మళ్ళీ గనికి పోతుంది. సంతకం పెట్టాను. మళ్ళీ అలాంటి రోజొస్తే మళ్ళీ పెడతాను. దైవానుగ్రహం అన్న మాట అబద్ధమని మరునాడే బల్లెక్కి చెప్పాను, ముందు వరసలో ఆయన్ను కూర్చోబెట్టుకొనే.

పులివెందులనూ మూయలేదు. జమ్మలమడుగు ఖర్చు మొక్కు కిందికి పోవడంతో, మిగిలిన డబ్బు దీనికీ ఊపిరి పోసింది. అక్కడ నిండు గ్లాసులు పోయించాలని, సంగటి తిరిగి పెట్టించాలని నేను పట్టుబట్టాను. పంతులమ్మ ఒప్పుకుంది, చాలా బాధపడుతూ. కొన్నాళ్ళకు నేల పాడైంది, చొక్కాలు పాడయ్యాయి, పిల్లలు గొంతులు విప్పి అరవడం నేర్చుకున్నారు. ఆ ఏడు చూడవచ్చిన పెద్దమనుషులు ఆ శిశువిహారం దిగజారిపోయిందని రాసి పోయారు.

ఇలాంటి పెద్దమనుషులు మీ ఊళ్ళోనూ ఉంటారు. బహుశా మీరే వారిలో ఒకరు. అందుకే చెప్తున్నాను, చదివి పక్కన పెట్టకండి. రేపే మీ ఊరి శిశువిహారానికి పోండి. ముందుగా కబురు పెట్టకండి. బువ్వ వేళకు పోండి. దండ వేస్తామంటే వద్దనండి, పాట పాడిస్తామంటే ఆపండి. ఒక బిడ్డను ఎత్తుకొని చూడండి. గ్లాసులో ఎంత పోస్తున్నారో, ముద్ద ఎంత పెడుతున్నారో కళ్ళతో చూడండి. అందరినీ తూయించండి. తల్లులు భయపడితే వాళ్ళను వెక్కిరించకండి, వాళ్ళు భయపడని తూకం ఏదో వాళ్ళనే అడగండి. కొన్ని నెలలాగి మళ్ళీ పోయి మళ్ళీ తూయించండి. ఆ రెండో తూకం చూసేదాకా, ఎవరు కలం చేతికిచ్చినా, బాగుందని మాత్రం సంతకం పెట్టకండి.