తీతువు గుడ్ల కింద దారం

మొన్న మా ఊరి పక్కనున్న మాన్కోలిలో ఒక గోదాము ముందు రిక్షా కోసం నిలబడితే, రేకుల కప్పు మీద తీతువు అరిచింది. పక్కనున్న హమాలీ తల కూడా ఎత్తలేదు. నాకు మాత్రం నిజాంపురాలోని పాత గల్లీ, అందులో మా అమ్మ చెల్లెలు గుర్తొచ్చారు.

తొంభైల చివరి మాట. చిన్నమ్మ మరమగ్గాల కార్ఖానాలో కండెలు చుట్టేది. శుక్రవారం మగ్గాలు బంద్. ఆ రోజు ఊరంతా నిశ్శబ్దంగా ఉన్నా మేము అలవాటు కొద్దీ అరుస్తూనే మాట్లాడుకునేవాళ్లం. ఎండలు ముదరగానే ఆమె నన్ను కలె పండ్లకని కాశేలి ఊరి వెనకున్న మాళ్‌కు తీసుకుపోయేది. రాళ్లూ, కలె పొదలూ, ఎండుగడ్డీ తప్ప ఏమీ లేని బయలది. ఏమీ లేదని పెద్దలనేవారు కానీ, అక్కడ తొండలు రాళ్లెక్కి గొంతు కింది నీలిరంగు తిత్తిని విసనకర్రలా విప్పేవి, కాళ్ల దగ్గర్నుంచి కౌజులు బుర్రున లేచేవి.

ఒక ఏడు చలికాలంలో చిన్నమ్మకు పుట్టిన బిడ్డ పురుడు తీరకముందే పోయింది. ఆ సంగతి ఆమె ఎత్తేది కాదు. ఆ తర్వాతి ఎండాకాలం ఒక శుక్రవారం మాళ్ మీద తీతువు మా తలల పైన తిరుగుతూ గోల పెడుతుంటే నేను బిక్కచచ్చిపోయాను. అది కూస్తే చావు కబురు వస్తుందని మా ఇంట్లో నమ్మకం.

"దినాం మగ్గాలు ఇంతకంటె ఎక్కువ మొత్తుకుంటయి, ఎవలన్న సచ్చిండ్రా?" అన్నది చిన్నమ్మ.

అంతలో రాళ్ల మధ్య గుడ్లు కనిపించాయి. గూడు లేదు, పుల్ల లేదు. ఆమె చాలాసేపు చూసింది.

"ఉత్త రాళ్ల మీద పెట్టుకున్నది, పాపం."

మా ఇళ్లలో పుట్టిన బిడ్డ కింద మగ్గం వేస్టు దారం మెత్తగా పరిచి, పైన పాత చీర వేస్తారు. తన బిడ్డ కోసం విడదీసి పెట్టుకున్న దారం చిన్నమ్మ దగ్గర ఇంకా మూటలోనే ఉంది. మరుసటి శుక్రవారం దాన్ని తెచ్చి, గుడ్ల కింద పక్క వేసింది. పిట్ట తిరిగొచ్చేదాకా దూరంగా తుమ్మచెట్టు కింద కాచుకున్నాం. అది వచ్చి కూర్చుంది. బిడ్డ పోయాక చిన్నమ్మ నవ్వడం అప్పుడే చూశాను.

తర్వాత కొన్ని వారాలు వీలుకాలేదు. మళ్లీ ఒక శుక్రవారం వెళ్లేసరికి గుడ్లు పగిలి పిల్లలు వెళ్లిపోయాయి. తీతువు పిల్ల గుడ్డులోంచి వచ్చిన రోజే నడుస్తుందట, దానికి పరుపు అక్కర్లేదని మాకేం తెలుసు. ఒక్కటి మాత్రం అక్కడే ఉంది, కాళ్లకు దారం చుట్టుకుని, చీమలు పట్టి. తల్లి పైన అరుస్తూనే ఉంది. చిన్నమ్మ ఎండలో చతికిలబడి, తెగిన పోగు కొస వెతికినట్టే వెతికి, ఒక్కో చిక్కూ విప్పింది. చచ్చిన పిల్ల మీది చీమల్ని నేను పుల్లతో దులిపాను.

"నా చెయ్యి మంచిది గాదు బిడ్డా" అన్నది.

ఆ మాటకు నాకిప్పటికీ కడుపు మండుతుంది. ఆమెది కాకపోతే లోకంలో ఇంకెవరి చెయ్యి మంచిది?

చాలా ఏళ్లకు నాకు బిడ్డ పుట్టింది. తొట్టెలలో పక్క వెయ్యమని దారం, చీర తీసుకెళ్లి చిన్నమ్మ ముందు పెట్టాను. ఆమె చేతులు కొంగులో దాచుకున్నది.

"మీ అత్తతోని పక్క ఏయించుకో."

మాళ్ మీద గోదాములు లేచాయి, తీతువు రేకుల మీదికి మారింది, మా మగ్గాలు తుక్కుకు పోయాయి. చిన్నమ్మ చేతులు మాత్రం ఆ శుక్రవారంలోనే ఉండిపోయాయి.