అక్క మూసుకున్న కన్ను

మా అక్కది ఉడుంపట్టు. ముప్పై ఏళ్లుగా స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫొటోలు తీస్తోంది. వెనక తెల్లగుడ్డ, ముందు ఎత్తు స్టూలు. గడ్డం దించండి, నవ్వకండి, రెప్ప వేయకండి. ఎడమ కన్ను గట్టిగా మూసుకుని, కుడికన్ను కెమెరాకి ఆనించి ఊళ్లో సగం మంది మొహాలు చూసేసింది.

మొన్న కళ్ల డాక్టరు ఆ కుడికంటి మీద ఆశ వదులుకోమన్నాడు. మహా అయితే రెండు నెలలట. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అక్క మాత్రం ఇంటికొచ్చి తాపీగా కెమెరా తుడుచుకుంది. తెల్లగుడ్డ లేని ఫొటో ఒక్కటైనా ఆ కంటితో తీసి తీరాలంది. కొండల్లో వేడినీటి బుగ్గ ఉందట, పొద్దున్నే దాని ఆవిరిలోంచి ఎండ దిగుతుందట. నాది వ్యాను నడిపే పని. ఇక నాకు తప్పుతుందా?

మూడు రోజులు కొండలెక్కాం. ఎటు చూసినా అడవే, మనిషన్నవాడు లేడు. మలుపు మలుపుకీ నేను సణుగుతూనే ఉన్నాను. ఆవిడ విన్నట్టే లేదు.

బుగ్గ చేరాక మొదటి పొద్దునే పని చెడింది. స్టూడియోలో రోజూ కెమెరాను ఇనప బీరువాలో పెట్టి తాళం వేయడం ఆవిడకి అలవాటు. ఇక్కడా వ్యానులోని ఇనప పెట్టెలో పెట్టి తాళం వేసింది. తెల్లారేసరికి కెమెరా మంచుముక్కలా ఉంది. బుగ్గ దగ్గరికి తీసుకెళ్లగానే లెన్స్ నిండా ఆవిరి పట్టేసింది. తుడిచేకొద్దీ పట్టింది. ఈలోగా ఎండ పైకెక్కిపోయింది. తిరిగి పోదామన్నాను. రేపు తీస్తానంది, అంతే.

మర్నాడు చీకటితోనే లేచి, కెమెరాను శాలువాలో చుట్టి ఒళ్లో పెట్టుకుని బుగ్గ గట్టున కూర్చుంది. అది వెచ్చబడేదాకా కదల్లేదు. ఎండ దిగింది. అబ్బ, ఆవిరంతా ఒక్కసారిగా వెలిగిపోయింది. నా సణుగుడంతా మర్చిపోయాను. అక్క ఎడమ కన్ను మూసి, కెమెరా కుడికంటికి ఆనించింది.

"మళ్లీ మసక పట్టిందిరా, తుడువు," అంది.

తుడిచాను. ఇంకా మసకగానే ఉందంది. మళ్లీ తుడిచాను. లెన్స్‌లో నా మొహం స్పష్టంగా కనిపిస్తోంది.

"అక్కా, లెన్స్ శుభ్రంగానే ఉంది."

ఆవిడ కెమెరా కిందికి దించింది. ఏడుస్తుందేమోనని భయం వేసింది. ఆ తర్వాత కెమెరాను ఎడమ కంటికి మార్చుకుని, అడ్డు తప్పుకోమని నన్ను కసిరి, బటన్ నొక్కింది.

"ముప్పై ఏళ్లు దీన్ని ఊరికే మూసి పెట్టానురా," అంది, ఇంకో ఫొటోకి సర్దుకుంటూ.