లెక్కల మేడమ్ గారి సర్వర్

మా లెక్కల మేడమ్ పోయారు. పోయిన నెల ఒక ఉదయం ఆమె భర్త ఫోన్ చేసి, "మీ మేడమ్ ఇక లేదమ్మా. కాఫీ తాగుతూ తాగుతూనే..." అని ఆగిపోయారు. గుండెపోటు. మండపేటలో మా ఇల్లూ వాళ్ల ఇల్లూ ఒకే వీధి. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లాను.

ఇంటర్‌లో ఆమె నాకు లెక్కలు చెప్పారు. చెప్పారనడం కన్నా గట్టెక్కించారనడం నిజం. రిటైరయ్యాక తోటి లెక్చరర్లు కుండీల్లో మొక్కలు పెంచుకుంటుంటే, ఈమె ఒక పాత కంప్యూటర్ తెచ్చి, దానికి బయటి హార్డ్ డిస్కులు తగిలించి, మేడ మీద గదిలో కిటికీ పక్కన పెట్టుకున్నారు. దాన్ని సర్వర్ అనేవారు. ఫోన్ నిండిపోయిందని ఎవరు మొత్తుకున్నా "ఇలా పట్రండి" అనేవారు. వీధిలో వాళ్ల పెళ్లిళ్లు, బారసాలలు, మా చర్చి క్రిస్మస్ నాటకాలు అన్నీ అక్కడే ఉండేవి. ఆమె భర్తను మేము బాబాయ్ గారు అంటాం. ఆయన దానికి "మీ మేడమ్ రెండో సంసారం" అని పేరు పెట్టారు.

మా నాన్న వీడియోలు కూడా అక్కడే దాచాను. నాన్న చర్చిలో పాట ఎత్తుకుంటే వెనక వరసల వాళ్లు కూడా గొంతు కలిపేవారు. ఆయన పోయాక అమ్మకు మిగిలింది ఆ వీడియోలే. ఫోన్ మార్చేటప్పుడు అవి మేడమ్ సర్వర్‌లోకి ఎక్కించి, నా ఫోన్‌లోంచి తీసేశాను.

కిందటేడు ఒకరోజు అమ్మ నాన్న పాట అడిగింది. మేడమ్ సర్వర్ తెరిస్తే ఎర్రర్. డిస్కు ఒకసారి కనిపిస్తుంది, ఒకసారి మాయమవుతుంది. మేడమ్ ఇంటికి పరిగెత్తాను. కంప్యూటర్ షాపుకి ఫోన్ చేస్తే, "డిస్కు పోయినట్టేనండి, కొత్తది కొనుక్కోండి" అన్నారు. సర్వర్‌కి కలిపిన మేడమ్ లాప్‌టాప్‌లో రిపేర్ అనే మాట కనిపించగానే నొక్కబోయాను. ఆమె నా చెయ్యి పక్కకు తోసేశారు.

"పరీక్షలోనూ ఇంతే నువ్వు. ప్రశ్న చదవకుండా జవాబు రాసేస్తావ్. ముందు కాపీ, తర్వాతే రిపేరు. దిద్దబోయి ఉన్నది కాస్తా చెరిపేస్తే ఎక్కణ్ణించి తెస్తావే అమ్మాయ్?"

కొత్త డిస్కు తెప్పించి కాపీ మొదలుపెట్టారు. మధ్యలో తెగిపోయేది. ఆగినచోటి నుంచి మళ్లీ మొదలుపెట్టేవారు. విసుక్కోవడం నేను చూడలేదు. విసుగంతా నాదే. అంతా కాపీ అయ్యాక అసలు పని మొదలైంది. కేబుల్ మార్చారు, ఎర్రర్ పోలేదు. పాత కేబులే పెట్టి, ఈసారి దాన్ని గుచ్చే పోర్ట్ మార్చారు. డిస్కు బుద్ధిగా పనిచేసింది.

"అమ్మయ్య, అయిపోయింది కదండీ" అన్నాను.

ఆమె దాన్ని తీసి మళ్లీ పాత పోర్ట్‌లోనే పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. "బాగైందాన్ని మళ్లీ ఎందుకండీ కెలుకుతారు?" అంటే, "బాగైతే చాలదమ్మా, ఎందుకు పాడైందో తెలియాలి. మళ్లీ తప్పొస్తే ఈ పోర్ట్‌దే దోషమని నమ్ముతాను" అన్నారు. వచ్చింది. అప్పుడు టార్చ్ వేసి పోర్ట్‌లోకి చూశారు. లోపల నల్లటి ధూళి. వేలికి రాసుకుని, తిన్నగా డాబా మీదికెళ్లి ఆరేసిన చీర మీద ఇంకో వేలు రాశారు. రెండూ ఒకటే. రైస్ మిల్లు నుంచి గాలికొచ్చే ఊక బూడిద. మా ఊళ్లో బట్టలు తీసేటప్పుడు దాన్ని తిట్టుకోని ఆడవాళ్లు ఉండరు. అది కిటికీలోంచి కంప్యూటర్‌లోకీ వెళ్తుందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

"రోజూ చీరలు దులుపుకుంటూ దీన్ని వదిలేశాను చూడు!" అని మేడమ్ పడీపడీ నవ్వారు. బ్రష్‌తో తుడిచి, సర్వర్‌ని లోపలి గదిలోకి మార్చారు.

ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చారు. ఫోన్‌లో చెప్పే విషయం కాదనుకున్నారేమో. అమ్మ పక్కన కూర్చుని, "వదినగారూ, అన్నయ్యగారి పాటలు దొరికాయండి. ఒక పాట మాత్రం ఎక్కించేటప్పుడే మధ్యలో తెగింది. చివరి చరణం లేదు. ఇక రాదు" అన్నారు. ఓదార్పు మాటలు కలపలేదు. అమ్మ కాసేపు ఏడ్చింది. మేడమ్ చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. తర్వాత అమ్మే ఆ చరణం సన్నగా పాడి వినిపించింది. ఆ నిజం మేడమ్ అంత సూటిగా చెప్పినందుకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

పెద్దకర్మ అయ్యాక బాబాయ్ గారు కబురు పెట్టారు. "దీని సంగతి నాకేం తెలుసమ్మా. వీధివాళ్లందరివీ ఇందులో ఉన్నాయి. మీ ఇంటికి పట్టుకెళ్లు. నువ్వయితే చూసుకుంటావని తనే అనేది" అన్నారు. సర్వర్ ఆపి, డిస్కు తీగ లాగబోయాను.

"ఆగమ్మా ఆగు!" అంటూ బాబాయ్ గారు గబుక్కున అడ్డం వచ్చారు. "ఇంకా లైటు మెరుస్తోంది చూడు. ఆరాక తియ్యాలి. లేకపోతే మీ మేడమ్ కేకలేస్తుంది."

ఇద్దరం వంగి ఆ చిన్న నీలం లైటునే చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి అది ఆరిపోయింది. తీగ తియ్యడానికి మాత్రం ఇద్దరికీ చేతులు రాలేదు.