నవ్వితే పచ్చ, నవ్వకపోతే ఎరుపు

ఆ రోజుల్లో వాట్సాప్ మెసేజీకి కూడా ఒక మర్యాద ఉండేది. (ఆ రోజులంటే మరీ పాతవేం కావు, అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లున్న రోజులే. కానీ మొదటి ఉద్యోగం నాటి లోకం ఎవరికైనా ఎంత అమాయకంగా కనిపిస్తుందంటే, దాన్ని పాతకాలం లెక్కలో వేసుకోక తప్పదు.) పై ఆఫీసు నుంచి వచ్చిన ప్రతి అప్‌డేట్‌నూ నేను లేచి నిలబడి చదివేదాన్నంటే ఇప్పుడు నాకే నమ్మకం కలగదు. నాకు కుర్చీ ఇంకా శాంక్షన్ కాకపోవడం అందుకు ఒక కారణమే గానీ, భక్తి కూడా తక్కువేం కాదు.

డిగ్రీ అవగానే వరంగల్ సుబేదారి దగ్గర, జిల్లాలోని బడులన్నిటి మీదా అజమాయిషీ చేసే ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా కాంట్రాక్టు మీద చేరాను. నా పని ఇంతే: హైదరాబాదులోని పై ఆఫీసు జిల్లా అధికారులకు ఇంగ్లీషులో అప్‌డేట్లు పంపుతుంది, వాటిని తెలుగులోకి మార్చి హెడ్మాస్టర్ల గ్రూపులో పెట్టాలి. ఇంట్లో మా నాయనమ్మ, “నౌకరిల నువ్వు జేసేదేంది బిడ్డా?” అని అడిగితే, “పైనుంచి వచ్చింది కిందికి పంపుతా” అని గర్వంగా చెప్పాను. ఆమె, “గంతేనా? మన మిద్దె మీది నీళ్ల ట్యాంకి గూడ గదే జేస్తది” అంది. జిల్లా అంతటా నాకు ‘ఫార్వర్డ్ పిల్ల’ అని పేరు పడింది. కూరగాయల మార్కెట్లో ఒక టీచరు మా అమ్మను పట్టుకుని, “ఫార్వర్డ్ పిల్ల మీ బిడ్డేనట కదా!” అని మెచ్చుకోలుగా అన్నదట. అమ్మ సంచి అక్కడే పెట్టేసి ఇంటికొచ్చి, నేను ఏం ఫార్వర్డ్ పనులు చేస్తున్నానో చెప్పమని ఏడుపు. ఆమెకు వాట్సాప్ అర్థమయ్యేలా చెప్పేసరికి నాకు ఏడుపొచ్చింది.

అప్‌డేట్లు ఎలా ఉండేవంటే, పొద్దున “అన్ని బడులలో మొక్కలు నాటి ఫొటోలు పంపవలెను” అని వచ్చేది. మధ్యాహ్నానికి “మొక్కలు సరఫరా కానందున నాటరాదు” అని వచ్చేది. సాయంత్రం “నాటని బడులు వివరణ ఇవ్వవలెను” అని వచ్చేది. మూడింటినీ నేను ఒకే శ్రద్ధతో, అక్షరదోషాలు లేకుండా పంపేదాన్ని. ఒక పెద్ద హెడ్మాస్టరు ఫోన్ చేసి, “బిడ్డా, మా ఇంట్ల మొక్క తెచ్చి నాటిన. గిప్పుడు ఉంచాల్నా, పీకాల్నా? జర గదొక్కటి చెప్పు” అని బతిమాలాడు. ఆ విషయం అప్‌డేట్‌లో లేదు సార్ అన్నాను. నిజంగానే లేదు మరి.

అలాంటి కాలంలో సంతోషం వచ్చి పడింది. ప్రతి బడిలో ప్రార్థన తర్వాత పిల్లలు ఆనందంగా ఉన్నారో లేదో నిర్ధారించాలని, అందుకోసం ఒక కొత్త యాప్ తయారు చేశామని అప్‌డేట్. హెడ్మాస్టరు తరగతికి ఫోన్ చూపించి ఫొటో తీస్తే, యాప్ పిల్లల ముఖాలు పరిశీలించి, నవ్వితే పచ్చరంగు, నవ్వకపోతే ఎరుపు వేస్తుంది. ఫొటో దానంతటదే హైదరాబాదు వెళ్లిపోతుంది. అన్ని జిల్లాలనూ కలిపి ఒక పటం. వారం తిరిగేసరికి ఆ పటంలో మా జిల్లా పండు మిరపకాయలా మెరిసింది. అందులోనూ అన్నిటికన్నా ఎర్రగా ఉన్నది ఖిలా వరంగల్ పక్కన, మగ్గాల వాళ్లూ కూలి చేసుకునే వాళ్లూ ఉండే వాడలోని ఒక చిన్న ప్రైమరీ బడి. అక్కడ ఒక్క పిల్ల పొరపాటున కూడా నవ్వలేదు.

మా ఆఫీసుకు అధిపతిని మేమంతా పెద్దసారు అనేవాళ్లం. మనిషి మంచివాడు. హైదరాబాదు నుంచి ఫోన్ వస్తే మాత్రం కుర్చీలోంచి లేచి, చొక్కా సర్దుకుని మరీ ఎత్తేవాడు. ఆయన నవ్వడం ఆఫీసులో ఎవరూ చూడలేదు. ఆ వారం ఆయన ముఖం పటం కన్నా ఎర్రగా ఉంది. శుక్రవారం వీడియో కాన్ఫరెన్సులో, ఎరుపు జిల్లాల అధికారులు అందరి ముందూ సంజాయిషీ చెప్పాలి. ఆ బడి హెడ్మాస్టరు మేడం మీద చర్య తీసుకుని ఆ కాగితం చేతబట్టుకుని కూర్చోవాలి. మెమో టైపు చేసింది నేనే. ‘పిల్లలను నవ్వించుటలో నిర్లక్ష్యము వహించినందున’ అని రాస్తుంటే నాకు ఎక్కడా ఏ అనుమానమూ రాలేదు. నా కాంట్రాక్టు రెన్యువల్ ఫైలు కూడా పెద్దసారు బల్ల మీదే ఉందన్న సంగతి మాత్రం బాగా గుర్తుంది.

సంతకం పెట్టే ముందు పెద్దసారుకు ఏమనిపించిందో, “పా, ఒకపారి మనమే పోయి సూద్దాం” అని నన్ను జీపెక్కించాడు.

మేం వెళ్లేసరికి వరండాలో పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ, కిలకిలలాడుతూ, బడి పైకప్పు లేచిపోయేలా అరుస్తున్నారు. పెద్దసారు గుమ్మంలోనే ఆగిపోయి, “మేడం, మస్తు నవ్వుతాండ్రు కదా!” అన్నాడు. హెడ్మాస్టరు మేడం చేతిసంచీలోంచి ఫోన్ తీసి పైకెత్తింది. అంతే. పిల్లలందరూ గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, పెదాలు బిగించి, కళ్లు పెద్దవి చేసి బొమ్మల్లా నిలబడ్డారు. ఎవరో కరెంటు తీసేసినట్టు బడి నిశ్శబ్దమైపోయింది.

“గిదేంది మేడం?” అన్నాడు పెద్దసారు బెదిరిపోయి.

“ముఖం హాజరు సార్. పోయినేడాది మీరే పంపిండ్రు. ఫొటోల పిల్లలు నవ్వితే హాజరు యాప్ గుర్తుపట్టది, నవ్వకుంట చూడుండ్రి అని. నవ్విన పోరగాళ్లకు ఆబ్సెంట్ పడ్డది సార్. ఒకని తండ్రి మగ్గం ఆపి వచ్చి, బడికి పంపితే నా కొడుకు లేడంటరేంది అని లొల్లి చేసిండు. నెల రోజులు తిప్పలువడి నేర్పిన. గిప్పుడు నవ్వుండ్రి అంటే భయపడుతాండ్రు.”

పెద్దసారు నా వైపు చూశాడు. ఫోన్‌లో నేను పంపిన పాత మెసేజీలు వెతికాను. ఉంది. ‘హాజరు సమయమున విద్యార్థులు నవ్వరాదు’. అక్షరదోషాలేమీ లేవు.

ఆయన మెమో సంగతి ఎత్తలేదు. చొక్కా సర్దుకుని పిల్లల ముందుకు వెళ్లి, ఏదో కోతి కథ చెప్పాడు. ఎవరూ కదల్లేదు. “నవ్వుండ్రి, ఏం కాదు” అన్నాడు. కదల్లేదు. “నవ్వుండ్రి!” అని గట్టిగా అనేసరికి ముందు వరసలోని ఒక బుడ్డోడి కింది పెదవి వణికింది. ఇక లాభం లేదని, “నేను నవ్వి చూపెడ్త, మీరు గట్లనే చెయ్యాలె” అని మేడం ఫోన్ తీసి నా చేతికిచ్చి తన ముఖానికే గురిపెట్టమన్నాడు.

నేను గురిపెట్టాను. పెద్దసారు నవ్వాడు. అంటే, అది నవ్వని ఆయన అభిప్రాయం. యాప్‌కు గొంతు కూడా ఉందన్న సంగతి మాకెవరికీ అప్పటిదాకా తెలియదు. అందులోంచి ఒక ఆడగొంతు, రైల్వే స్టేషన్లో వినిపించేలాంటిది, తీయగా, “ఆనందం కనిపించలేదు. దయచేసి మళ్లీ ప్రయత్నించండి” అంది.

పెద్దసారు మీసం పైకి లేపాడు. “ఆనందం కనిపించలేదు.” కళ్లజోడు తీసి ప్రయత్నించాడు. “దయచేసి మళ్లీ ప్రయత్నించండి.” నుదుటి మీద చెమట పట్టింది. ఎన్నో ఏళ్ల సర్వీసులో ఆయన ముఖాన్ని ఇలా మాటిమాటికీ తిరస్కరించిన వాళ్లు లేరు. పిల్లలు చేతులు కట్టుకునే ఉన్నారు గానీ, చూపులు మాత్రం ఫోన్‌కూ పెద్దసారుకూ మధ్య తిరగడం మొదలుపెట్టాయి. అప్పుడు రెండో వరసలోంచి, రిబ్బన్ల జడల పిల్ల ఒకతి జాలిగా, “సారూ, పండ్లు చూపెట్టు సారూ” అంది.

పెద్దసారు పళ్లు చూపెట్టాడు. “ఆనందం కనిపించలేదు.”

“గట్ల కాదు సారూ, నోరు ఇంక పెద్దగ తెరువు!” అన్నాడు ఇంకొకడు. “బుగ్గలు గుంజు సారూ!” అంది మరొకతి. పెద్దసారు, ఈ జిల్లాలోని హెడ్మాస్టర్లందరినీ గడగడలాడించే మా పెద్దసారు, రెండు చూపుడువేళ్లూ నోట్లో పెట్టుకుని బుగ్గలు చెవుల దాకా లాగాడు. కట్ట తెగినట్టు బడి మొత్తం గొల్లున నవ్వింది. బుడ్డోడు కింద కూర్చుండిపోయి నవ్వాడు. మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా బొటనవేలు ఎక్కడ తగిలిందో ఏమో, ఫోన్ క్లిక్కుమంది. “అభినందనలు” అంది ఆడగొంతు. తెర నిండా పచ్చరంగు.

ఫొటో మధ్యలో నోట్లో వేళ్లతో పెద్దసారు. చుట్టూ పిల్లలు.

“డిలీట్ చెయ్యి బిడ్డా” అన్నాడాయన నెమ్మదిగా.

“కాదు సార్. హైదరాబాదుకు పోయింది.”

శుక్రవారం ఆయన ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాతో, ఉరిశిక్షకు వెళ్లేవాడిలా వచ్చాడు. తలుపు దగ్గర నాతో, “మేడం మీద మెమో చింపేసిన. ఏమన్నా ఉంటె నా మీదనే రానీ” అన్నాడు. నేను ఆయన కుర్చీ వెనుక లాప్‌టాప్‌తో నిలబడ్డాను. అన్ని జిల్లాల అధికారులూ చిన్న చిన్న గడుల్లో కనిపిస్తున్నారు. పై ఆఫీసు పెద్దాయన (ఆయన్ను మేం ‘అప్‌డేట్ సారు’ అనుకునేవాళ్లం) మా జిల్లా పేరు పిలిచి, ఆ ఫొటోను తెర నిండా పెట్టించాడు. పెద్దసారు వీపు మీద ఇస్త్రీ చొక్కా నా కళ్లముందే తడిసిపోయింది. అప్‌డేట్ సారు ఆ ఫొటోను చాలాసేపు చూసి, “దిస్ ఈజ్ ఇన్నోవేషన్” అన్నాడు.

సాయంత్రంలోగా అప్‌డేట్ వచ్చేసింది. జిల్లా అధికారులందరూ వారానికొకసారి స్వయంగా ఒక బడికి వెళ్లి, జతపరచిన ఫొటోలో చూపిన విధముగా నోటిని వేళ్లతో సాగదీసి, పిల్లలను ఆనందింపజేసి, నివేదిక పంపవలెను.

పెద్దసారు నేను తెలుగు చేసిన ఆ అప్‌డేట్ చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మళ్లీ చదివాడు. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలైంది. నేను మంచినీళ్ల కోసం పరిగెత్తబోయాను. అది నవ్వు. యాప్ అన్నిసార్లు అడిగినా రానిది, ఇప్పుడు ఆపుకుందామన్నా ఆగకుండా, కళ్లవెంట నీళ్లు కారేలా వస్తోంది. “విధముగానట! సాగదియ్యాల్నట! అరే, అందరు ఆఫీసర్లు నోట్లె వేళ్లు వెట్టుకోని...” అంటూ బల్ల మీద కొడుతూ నవ్వాడు. “బిడ్డా, నువ్వు గూడ జర నవ్వు!”

నేను కంప్యూటర్ మీదికి వంగి, ‘సాగదీసి’లో దీర్ఘం సరిచూసుకుంటూ, “ఒక్క నిమిషం సార్, ముందు ఇది గ్రూపులో పెట్టనీయండి” అన్నాను.

ఆనాటి ఆ ఫార్వర్డ్ పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వాగదు. దగ్గరికెళ్లి, ఆ కంప్యూటర్ మూసేసి, ఆయనతోపాటు నవ్వమ్మా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదు. అలాంటి అప్‌డేట్ ఏదీ రాలేదు కదా అనేది.