అష్టమి నాడు బృందక్క మార్చిన కంపైలర్

కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల గోదాము మేడ మీద మా బృందక్క ఆఫీసు ఉంది. ఆఫీసంటే నాలుగు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, యజమాని రామానుజం గారు. వరసకు ఆయన మాకు మామ అవుతారు. రైతులు ఫోన్లో ధరలు చూసుకునే విరుదునగర్ మిరప మండీ వెబ్‌సైటు నడపడం వాళ్ల ముఖ్యమైన పని. ఆ పని పోతే ఆఫీసు మూతపడుతుంది, అక్క చెన్నై రైలు ఎక్కాలి. అక్కకు చెన్నై అంటే భయమేమీ లేదు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రాలేనన్నదే ఆమె బాధ.

ఆ ఉదయం మండీ తరఫున పాండియరాజన్ ఫోన్ చేశాడు. తనిఖీలో వెబ్‌సైటులో పెద్ద లోపం బయటపడిందట. అందుకని సైటును బయటివాళ్లకు కనిపించకుండా ఆపేశారు. సాయంత్రంలోపు సరి చేయకపోతే పనిని చెన్నై కంపెనీకి అప్పగిస్తామన్నాడు.

లోపం కంపైలర్‌లో ఉంది. కొత్త పద్ధతిలో రాసిన జావాస్క్రిప్టును పాత ఫోన్లకు కూడా అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాము అది. మండీలో ప్రతి వ్యాపారీ తేమకూ తాలు కాయలకూ తన తరుగు లెక్కను తానే సైటులో రాసుకుంటాడు. ఆ లెక్కలు కూడా ఈ కంపైలర్ గుండానే పోతాయి. ఎవరైనా మోసపు లెక్క ఒకటి రాసి పెడితే, దాన్ని మార్చే పనిలోనే కంపైలర్ వాడు చెప్పినవన్నీ సర్వర్ మీద చేసేస్తుంది. కంపైలర్ తయారుచేసినవాళ్లు కొత్త వెర్షన్‌లో ఆ కన్నం పూడ్చారు. అక్క ఆఫీసులో ఉన్నది మాత్రం ఎవరూ పట్టించుకోని పాతకాలపు వెర్షన్. ఒకసారి కుదిరినదాన్ని కదపకూడదని రామానుజం గారి పట్టుదల.

"మామా, కంపైలర్ ఈ పొద్దే మారుస్తాను" అంది అక్క.

ఆయన గోడ మీది డైలీ క్యాలెండర్ వైపు చూశారు. "ఈ పొద్దు అష్టమి. రేపు నవమి. ఎల్లుండి ఉదయం కొబ్బరికాయ కొట్టి మార్చు."

"ఎల్లుండికి పని చెన్నైలో ఉంటాది."

"కొత్తది మొదలుపెట్టేదానికి దినం చూడొద్దా?"

"కొత్తది ఏడ మొదలుపెడతా ఉండాను? కన్నం పూడుస్తా ఉండాను. ఇల్లు కారేటప్పుడు తిథి చూస్తారా మీరు?"

"కొత్త వెర్షన్ అని నువ్వే గదా అంటివి."

ఇలాంటి సందేహం వస్తే రామానుజం గారు అడిగేది వాళ్లమ్మ అంగమ్మాళ్‌ని. ఆమె కడంబూరు దగ్గర నల్లరేగడి చేనులో ఉంటుంది. ఆయన ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. అవతల ఆడవాళ్ల మాటలు, గాలి.

"అమ్మా, ఏమి చేస్తా ఉండావు?"

"కలుపు తీపిస్తా ఉండాను. ఏందిరా?"

"ఈ పొద్దు అష్టమి గదా?"

"అందుకని కూలోళ్లను ఇంటికి పొమ్మనేదా? నువ్వొచ్చి తీస్తావా?"

రామానుజం గారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు. "సరి, చెయ్యి" అన్నారు.

మధ్యాహ్నం దాకా అక్క కుర్చీ వదలలేదు. కంపైలర్‌కు తోడుండే చిన్న ప్రోగ్రాము, అంటే ఒక ప్యాకేజీని మారిస్తే దాన్ని నమ్ముకున్న ఇంకో రెండు మొరాయించేవి. పేర్లు మారినవి కొన్ని, అసలు లేకుండా పోయినవి కొన్ని. ఆ రోజు ఆమె భోజనం క్యారియర్‌లో నేనే తీసుకెళ్లాను. పొడి దోసెను ఎడమచేత్తో తింటూ కుడిచేత్తో టైపు చేస్తుంటే రామానుజం గారు అటు తిరిగి కూర్చున్నారు, చూడలేక.

చివరికి కంప్యూటర్‌లో సైటు తెరుచుకుంది. పాత కన్నం గురించిన హెచ్చరిక పోయింది. అక్క చేతులు దులుపుకుంది. రామానుజం గారు తన ఫోన్లో తెరిచి చూశారు. తెల్లటి తెర తప్ప ఏమీ రాలేదు.

"చూస్తివా?" అన్నారు, కోపం కన్నా సంతోషమే ఎక్కువగా. "అష్టమి."

ఆయన ఫోను రబ్బరు బ్యాండుతో బిగించి ఉంటుంది. కొత్తది కొనమంటే, ఇది మాట్లాడతా ఉండాది గదా అంటారు. అక్క దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"మామా, తిరుచ్చులి పక్క మిరప రైతుల దగ్గరా ఇట్లాంటివే ఉంటాయా?"

"దీనికంటే పాతవి ఉంటాయి. ఎందుకు?"

"మీరు ఫోను మార్చకపోయింది మంచిదైంది. లేకుంటే నాకు తెలిసేది కాదు."

పాత కంపైలర్ ఎవరూ అడగకుండానే అన్నిటినీ పాత ఫోన్లకు తగ్గట్టు మార్చేది. కొత్తది అలా కాదు. పాత ఫోన్లు ఉన్నాయని చెబితేనే మారుస్తుంది, లేకపోతే అందరి దగ్గరా కొత్త ఫోన్లే ఉన్నాయనుకుంటుంది. అక్క సెట్టింగులలో ఒక్క వరుస చేర్చి మళ్లీ నడిపింది. రామానుజం గారి తెర మీద మిరప ధరలు ఒక్కొక్కటే వచ్చాయి. ఆయన వేలు తడిపి పైకి జరిపి, వ్యాపారుల తరుగు లెక్కలన్నీ చూశారు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

ఎండ తగ్గుతుండగా పాండియరాజన్ ఫోన్ వచ్చింది. తనిఖీ పూర్తయింది, సైటు తెరిచారు, పని కోవిల్‌పట్టిలోనే ఉంటుంది. రామానుజం గారు తమిళంలో చాలాసేపు వినయంగా మాట్లాడి, ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి ఇటు తిరిగారు.

"బృందా, సాత్తూరులో ఇంకొక మండీకి మన పేరు చెప్తాడంట. చెయ్యగలమా?"

"చెయ్యగలం మామా" అంది అక్క, క్యారియర్ మూత బిగిస్తూ. "అయితే వాళ్ల కంపైలర్ ఏ కాలంది, అది ముందు అడగండి."