మాది వాల్వ్ లీక్

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇంత జరిగాక కూడా లేదు. ఎవరైనా ఫలానా ఇంట్లో ఏదో తిరుగుతోందని చెబితే, తిరిగితే అద్దె కట్టమనండి అని వెక్కిరించేవాణ్ణి. నా నోటికి జడిసి మా బంధువులు అలాంటి కబుర్లు నా ముందు ఎత్తడమే మానేశారు. బీదర్‌లో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ణి మరి. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందని రోజూ బోర్డు ముందు నిలబడి చెప్పేవాడు ఇంటికొచ్చి ఇంకోలా ఎలా మాట్లాడతాడు?

హైదరాబాద్ చుట్టూ బీడు భూములు కూడా బంగారమైపోయిన రోజులవి. అక్కడుండే మా బావమరిది ఒక ప్లాటు అమ్మి కొత్త కారు కొన్నాడు. పాతది మాకు ఇచ్చేశాడు. రంగు వెలిసిపోయినా ఇంజను గట్టిది. అన్నిటికంటే నా భార్య ఎస్తేరుకు నచ్చింది అందులోని హీటరు. చలికాలం వస్తే బీదర్ గాలి ఎముకల్లోకి దిగుతుంది. ఎస్తేరుకు చలి మరీ ఎక్కువ. పైగా అప్పుడు ఐదో నెల. పెళ్లైన చాలా ఏళ్లకు నిలిచిన కడుపు అది. ఆమె కాలు కింద పెడితే నాకు భయం, తుమ్మితే భయం. నాలుగడుగులు వేస్తే ఆయాసపడేది. కడుపుతో ఉన్న మనిషి కదా అని అందరం అనుకున్నాం.

డిసెంబరు మొదట్లో ఆమె కూర్చునే వైపు కాళ్ల దగ్గర చాప తడవడం మొదలైంది. కారులో తియ్యటి వాసన వచ్చేది. ముందు అద్దం లోపలి నుంచి ఆవిరి పట్టేది. ఇది పెద్ద చిక్కేమీ కాదు. ఇంజనులోని వేడి నీళ్లు, తియ్యటి వాసనొచ్చే కూలెంటు కలిసినవి, సన్నటి రబ్బరు గొట్టంలోంచి హీటరుకు వస్తాయి. మధ్యలో ఒక వాల్వ్ ఉంటుంది. చలి వేస్తే తెరుస్తాం, లేకపోతే మూస్తాం. మా కారులో అది డాష్‌బోర్డు కింద, ఎడమ పక్కన ఉంది. అక్కడే కారుతోంది.

మా వీధి చివర మెకానిక్ షెడ్డున్న ఖాజా భాయ్ వంగి చూశాడు. ఏళ్ల తరబడి మా స్కూటరు, ఇప్పుడు ఈ కారు, రెండూ ఆయన చేతిలోనివే.

"ఈ హీటరు మనకెందుకు సార్? రెండు పైపులు కలిపి డైరెక్ట్ జేసేద్దాం. మా దగ్గర అందరిదీ గట్లనే జేస్తం" అన్నాడు.

ఎస్తేరు ఒప్పుకోలేదు. వాల్వ్ హైదరాబాద్ నుంచి తెప్పించడానికి మాట్లాడుకున్నాం.

ఆ ఆదివారం చర్చి గుమ్మంలో శాంతమ్మ పెద్దమ్మ ఎదురైంది. మా సంఘంలో అందరికంటే పెద్దది. చెవులు కొంచెం మందం, గొంతు మాత్రం గంట. వచ్చే వారం భాల్కిలో ప్రార్థన కూటం ఉంది, ఆమెను కారులో తీసుకెళ్తానని నేనే మాటిచ్చాను. అందుకని చెప్పాను, "రాలేను పెద్దమ్మా, మాది వాల్వ్ లీక్. విప్పాల్సి ఉంది. సామాను హైదరాబాద్ నుంచి రావాలి."

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఎందుకో నాకు వెంటనే తట్టలేదు. మా వైపు వాల్వ్ లీక్ అంటే కారు ఎవరికి గుర్తొస్తుంది? గుండె గుర్తొస్తుంది. హైదరాబాద్ అంటే ఆపరేషన్ గుర్తొస్తుంది.

ప్రార్థన విన్నపాల వేళ పెద్దమ్మ లేచి నిలబడింది. "మన బిడ్డకు గుండెల వాల్వ్ లీకయితాందట. కోసి మార్చాల్నట. అందరం మోకాళ్లేద్దాం" అంది. నేను కాదనేలోపే సంఘమంతా మోకాళ్ల మీద ఉంది. నాకు నవ్వు, సిగ్గు రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి. పెద్దమ్మ నా దగ్గరికే వస్తుందనుకుని తల వంచాను. ఆమె నన్ను దాటుకుని, ఆడవాళ్ల వైపు వెళ్లి, ఎస్తేరు గుండెల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది.

మాది అన్నాను కదా, భార్య గురించి అనుకుందేమోనని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఇంటికొచ్చే దారంతా ఎస్తేరు, నేను పడీ పడీ నవ్వాం. కారుకు ఇంత భక్తిగా ప్రార్థన చేయించినవాణ్ణి నేనొక్కణ్ణేనని ఆమె ఏడిపించింది.

వాల్వ్ వచ్చాక ఖాజా భాయ్ శుక్రవారం నమాజు చేసుకుని నేరుగా మా ఇంటికొచ్చాడు. పట్టపగలు, మంచి ఎండ. కారు ముందురోజు నుంచి కదల్లేదు, ఇంజను చల్లగా ఉంది. తాళం చెవి నా జేబులోనే ఉంది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఇంజను నడవకపోతే ఆ గొట్టంలో నీళ్లను తోసేది ఏదీ ఉండదు. నీళ్లు ఊరికే నిలిచి ఉంటాయి.

ఖాజా భాయ్ బయట బానెట్ తెరిచి రేడియేటరులోని నీళ్లు దించుతున్నాడు. నేను లోపల వెల్లకిలా పడుకుని డాష్‌బోర్డు కిందకు తల దూర్చాను. వాల్వ్ దగ్గర ఇంకా చుక్కలు పడుతున్నాయి. మొహం మీద పడకుండా గొట్టాన్ని పిడికిట్లో పట్టి నొక్కాను.

గొట్టం వెచ్చగా ఉంది. లోపల కొట్టుకుంటోంది.

ధడ్ అని ఒక దెబ్బ, వెంటనే సుయ్ మని వెనక్కి జారుతున్న నీటి చప్పుడు. మళ్లీ ధడ్. నా వేళ్ల నాడే నాకు తెలుస్తోందనుకున్నాను. పిల్లలకు ఈ సంగతి నేనే చెబుతుండేవాణ్ణి. ఎడమ చేత్తో నా మెడ మీద నాడి పట్టుకుని చూశాను. అది వేరు, ఇది వేరు. గొట్టంలోది చాలా వేగంగా ఉంది.

అప్పుడే ఇంట్లోంచి ఎస్తేరు గొంతు వినిపించింది. ఆమె వెనకగదిలో మంచం మీద ఉంది. అక్కడి నుంచి మేం కనిపించం.

"ఇగో, ఇంటున్నరా? గుండె ఎవరో పట్టుకున్నట్టయితాంది!"

గొట్టం వదిలేశాను. అరుపు ఆగింది. లోపలికి పరిగెత్తాను. ఆమె లేచి కూర్చుని ఉంది, మొహమంతా చెమట. ఇప్పుడు తగ్గిందంది. మంచినీళ్లిచ్చి తిరిగొచ్చాను. జరిగింది చెబితే ఖాజా భాయ్ నవ్వలేదు. తను లోపలికి వంగి గొట్టం పట్టుకున్నాడు, నొక్కకుండా, ఊరికే. అది తనకూ తగిలినట్టుంది, చెయ్యి తీసేసి చొక్కాకు తుడుచుకున్నాడు.

నేను చెయ్యకూడని పని అప్పుడు చేశాను. ఒకసారి జరిగితే కాకతాళీయమని చదువుకున్నవాణ్ణి కదా. గొట్టం అందుకుని మళ్లీ నొక్కాను. కావాలనే.

"వదలమనుండ్రి! ఎవరో గని, వదలమనుండ్రి!" ఎస్తేరు కేక వీధి దాకా వినిపించింది.

ఖాజా భాయ్ నా మణికట్టు పట్టుకుని లాగేశాడు. "సార్, గది బండిది కాదు. అమ్మను దవాఖానకు తీస్కపోదాం నడువుండ్రి" అన్నాడు. వెళ్లి తన జీపు తెచ్చాడు.

బీదర్ ఆసుపత్రి నుంచి హైదరాబాద్ పంపారు. అక్కడ గుండె డాక్టరు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. చిన్నప్పుడు కీళ్ల నొప్పులతో జ్వరం వచ్చిందా అని అడిగాడు. వచ్చిందంది. ఆ జ్వరం అప్పుడే గుండెలో ఒక వాల్వ్‌ను పాడు చేసిందట, అది లీకవుతోందట. నెలలు పెరిగేకొద్దీ గుండె మీద భారం పెరుగుతుంది, ఇది తెలియకుండా కాన్పు దాకా పోయుంటే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కేవాళ్లు కాదన్నాడు. నన్ను ఒకసారి విననిమ్మని బతిమాలాను. చెవుల్లో పెట్టుకున్నాను.

ధడ్. సుయ్. ధడ్. సుయ్.

అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చాను.

మందులతో, పడకతో ఎలాగో నెలలు నిండాయి. పాప క్షేమంగా పుట్టింది. తర్వాత ఎస్తేరుకు ఆపరేషన్ చేసి లోహపు వాల్వ్ పెట్టారు. కారు సంగతంటారా, పాత వాల్వ్‌లో రబ్బరు వాషరు చిట్లిందని ఖాజా భాయ్ తీసి చూపించాడు. కారడానికి అది చాలు. కొత్తది బిగించాక ఆ గొట్టాన్ని ఎన్నిసార్లు నొక్కి చూసినా రబ్బరు తప్ప ఏమీ తగల్లేదు.

శాంతమ్మ పెద్దమ్మను అడిగాను, నన్ను వదిలి ఎస్తేరు దగ్గరికి ఎందుకు వెళ్లావని. "నువ్వే గద బిడ్డా చెప్పింది" అంది. నేను చెప్పింది కారు గురించి. ఆమెకు వినబడింది ఏమిటో, ఎవరి గొంతుతో వినబడిందో నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం నా పిడికిట్లో కొట్టుకున్నదేమిటో కూడా తెలియదు. ఎన్ని రకాలుగా లెక్క వేసినా ఏదో ఒకటి మిగిలిపోతోంది.

లోహపు వాల్వ్‌కు చప్పుడుంటుంది. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగి, ఎస్తేరు పక్కన నిద్రపోతున్నప్పుడు గడియారంలా టిక్కు టిక్కుమని బయటికే వినిపిస్తుంది. అది వింటున్నంతసేపూ నా రెండు చేతులూ విప్పి ఉంచుకుంటాను. పిడికిలి ముడవాలంటే నాకు భయం.