సీసాలో నూనె

చేప డబ్బా తెరిచాక మిగిలే నూనెను నేనిప్పుడు పారబోయలేను, వంటలో వాడనూ లేను. సీసాలో పోసి పెడతాను, అంతే.

కోరుట్లలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న మనిషి సెలవు ముగిసి మళ్లీ దుబాయ్ పోతున్నాడు. కాసేపటికి టిఫిన్ డబ్బా తీశాడు. అన్నంలో ఎర్రగా వేగిన ఉల్లిగడ్డ, చేపల వాసన.

“తింటవా అన్నా? చేప లేదు. చేపల డబ్బాల మిగిలిన నూనె గిది.”

దుబాయ్ రూములో ఆ నూనె ఎవరూ పారబోయరట. సీసాలో దాచి, వంట వంతు వచ్చినవాడు దాంతోనే ఉల్లిగడ్డ వేయిస్తాడట. ఈసారి అతను ఇంటికి తెచ్చిన చేప డబ్బాల నూనెను భార్య పారబోయబోతే కసురుకున్నాడట.

“నాకు గదంటే పాణమనుకున్నది పిచ్చిది. అంతా దాచిపెట్టి, తొవ్వల తినుమని పొద్దుగాల దాంతోనే వండి కట్టిచ్చింది.”

“బాగుందా?” అన్నాను.

అతను ఇంకో ముద్ద కలిపాడు.

“పోయేముందు ఇంటి బువ్వ ఆఖరుసారి తిందామనుకున్న. గిది రూముల బువ్వనే అన్నా.”

జగిత్యాలలో నేను దిగబోతుంటే అతని ఫోన్ మోగింది. భార్య.

“తిన్న. మంచిగున్నది,” అన్నాడతను. “అచ్చం ఇంట్ల తిన్నట్టే ఉన్నది.”